నీలి పెట్ట వచ్చిన టైము

మా పెరట్లో పావురాల గూడు సగం ఆకుపచ్చగా, సగం వట్టి చెక్కగా ఉంటుంది. చూసినవాళ్ళంతా ఎందుకలా వదిలేశారని అడుగుతారు. రంగు అయిపోయిందని చెబుతాను. నిజానికి అయిపోలేదు. డబ్బా షెడ్డులోనే ఉంది, మూత బిగుసుకుపోయి. యూరప్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అని మా దేశంలో ఓటు పెట్టిన ఏడాది, మే నెల నుంచి మా ఆయనా, మా అల్లుడూ కలిసి ఎడమ చివర నుంచి వేసుకుంటూ వచ్చారు. తలుపు దాకా వచ్చారు. అక్కడ ఆగింది.

మా ఆయన పేరు రాల్ఫ్. గని మూసేదాకా గనిలో పనిచేశాడు. మూసేశాక ఆయనకు మిగిలింది పావురాలే. పందెం పావురాలంటే ఉత్తర ఇంగ్లండులో మా డర్హమ్ పల్లెల్లో ఆట కాదు, అదో కొలువు. వాటి తిండికీ, నిద్రకీ, ఎగురుడుకీ వేళలుండేవి. ఆ వేళలకే మా ఇంట్లో అన్నీ జరిగేవి. నాకు కాన్పు నొప్పులు వచ్చిన రోజు కూడా పందానికి ఫ్రాన్స్‌లో వదిలిన పిట్టలు ఇంటికి ఎగిరి రావాల్సిన రోజే. ఆయన ఒక కన్ను ఆకాశం మీదా, ఒక కన్ను నా మీదా పెట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు పుట్టిందే మా జానిస్.

అల్లుడు జెనెక్‌ది పోలండ్‌లో సిలీసియా. అక్కడా బొగ్గు గనులే, అక్కడా పావురాల పిచ్చే. జానిస్ అతన్ని మొదటిసారి ఇంటికి తీసుకొచ్చిన రోజు నేను హామ్ మాంసమూ, బఠాణీ ముద్దా బల్ల మీద సర్ది కూర్చున్నాను. మామా అల్లుళ్ళు గూటి దగ్గరే ఉండిపోయారు. టీ చల్లారింది, మళ్ళీ పెట్టాను, అదీ చల్లారింది. చివరికి రాల్ఫ్ లోపలికొచ్చి, “ఈ అబ్బాయికి పిట్టను పట్టుకోవడం తెలుసు” అన్నాడు. మా అమ్మాయి పెళ్ళి ఆ ఒక్క మాటతో ఖాయమైపోయింది. వాళ్ళ దేశంలో అల్లుడు మామను నాన్న అనే పిలుస్తాడట. రాల్ఫ్ మొదట్లో ఇబ్బంది పడ్డాడు గానీ, తర్వాత్తర్వాత ఆ పిలుపు కాసేపు వినబడకపోతే పెరట్లోకి తొంగి చూసేవాడు.

పెళ్ళయ్యాక వాళ్ళు మా మేడ గదిలోనే ఉన్నారు. జానిస్ బడి వంటశాలలో, జెనెక్ కిటికీలు చేసే ఫ్యాక్టరీలో. అతను వాళ్ళ పినతండ్రి దగ్గర్నుంచి ఒక జత పావురాలను తెచ్చుకున్నాడు. వాటికి మా గూట్లో ఒక మూల ఇనుప తడిక కట్టారు. అవి ఖైదీలు. పావురం సంగతి అంతే, ఎక్కడ పుట్టి ఎగరడం నేర్చుకుంటుందో అదే దాని ఇల్లు. ఎదిగిన పిట్టను ఇంకో గూటికి తీసుకెళితే ఇక జన్మంతా తడిక వెనకాలే ఉంచాలి. ఒక్కసారి తలుపు తీశామా, పాత ఇంటికి ఎగిరిపోతుంది. ఈ మాట మా వీధిలో నడవడం వచ్చిన పిల్లలకు కూడా తెలుసు.

ఆ ఖైదీ జతకు మా గూట్లో పుట్టిందే నీలి పెట్ట. తల్లిదండ్రులు సిలీసియావే గానీ అది మాత్రం ఇక్కడిది. దాన్ని ఇంగ్లండులో ఏ మూల వదిలినా మా పొగగొట్టం వెతుక్కుంటూ వచ్చేది.

రాల్ఫ్ మా ఊరి పావురాల క్లబ్బుకి అధ్యక్షుడు. ఎన్నేళ్ళ నుంచో అడక్కండి, ఆయన కుర్చీలో గుంట పడింది. ఆయనకు నియమాల పుస్తకం బైబిలు కన్నా ఎక్కువ. ఆ ఏప్రిల్‌లో క్లబ్బులో ఒక గొడవ వచ్చింది. సముద్రం దాటేటప్పుడు పిట్టలు పోతున్నాయి, ఫ్రాన్స్ పందెం ఆపేద్దామని కొందరన్నారు. రాల్ఫ్‌కీ ఆపాలనే ఉంది, ముందు ఏడాది ఆయనవీ మంచివి పోయాయి. జెనెక్ ఉండాలన్నాడు. చేతులెత్తించి లెక్కపెట్టారు. ఆపాలని పదహారు, ఉండాలని పది. గెలిచామని కార్యదర్శి స్టాన్లీ బల్ల చరిచాడు.

రాల్ఫ్ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. “నియమం మార్చాలంటే మూడింట రెండొంతుల మంది ఉండాలి. రాలేదు. ఫ్రాన్స్ పందెం ఉంటుంది” అన్నాడు.

“నువ్వూ చెయ్యెత్తావు కదయ్యా ఆపాలని!” అన్నాడు స్టాన్లీ.

“ఎత్తాను. చాల్లేదు.”

నేను వెనక టీ పోస్తూ చూశాను. జెనెక్ మామను చూసి తలూపాడు, పెద్దమనిషిని చూసి ఊపినట్టు. ఇంటికొస్తూ దారంతా, “మా నాన్న తన చేతిని తనే కొట్టేసుకున్నాడు” అని నవ్వుతూనే ఉన్నాడు. గూటికి రంగు వేద్దామనుకున్నది ఆ సంతోషంలోనే.

ఇక ఆ వేసవంతా ఎక్కడ చూసినా ఒకటే గోల. టీవీలో అరుపులు, గోడల మీద కాగితాలు, మాంసం కొట్లో వరసలో నిలబడ్డవాళ్ళ మధ్య కీచులాటలు. మా ఇంట్లో భోజనం బల్ల దగ్గర ఆ మాట ఎత్తకూడదని నేనే గట్టిగా చెప్పాను. అందరూ విన్నారు. అంచేత ఎవరి మనసులో ఏముందో ఎవరికీ తెలియలేదు. జానిస్ సంగతి అడగక్కర్లేదు. నేను ఉందామనే వైపే అనుకున్నాను. రాల్ఫ్ ఏమనుకున్నాడో ఆయన పావురాలకు తెలిసి ఉండాలి.

ఓటు గురువారం పడింది. శనివారం ఫ్రాన్స్ పందెం. పిట్టలను బండిలో పంపాలంటే గురువారం సాయంత్రానికల్లా హాలుకి తీసుకెళ్ళి, కాళ్ళకు పందెం కడియాలు వేయించాలి. గని వాళ్ళ హాలు ఒక్కటే ఉంది మా ఊరికి. ముందు గదిలో ఓట్లు, వెనక గదిలో పావురాలు. మేం ముగ్గురం కలిసే వెళ్ళాం, జెనెక్ చేతిలో బుట్ట, అందులో నీలి పెట్ట.

ముందు తలుపు దగ్గర బల్ల వేసుకుని పాలీన్ కూర్చుంది. నాతో బళ్ళో చదివిన మనిషి. మే నెలలో ఒక చిన్న స్థానిక ఎన్నిక జరిగితే అదే బల్ల మీద తనే జెనెక్‌కి కాగితం ఇచ్చింది. ఇప్పుడు అతన్ని చూసి ముఖం ఒకలా పెట్టింది.

“నీకివాళ లేదు నాయనా. పేరుంది గానీ పక్కన గుర్తుంది. ఆ గుర్తున్న యూరప్ దేశాల వాళ్ళకు ఇవాళ్టిది కాదట.”

“తెలుసు పాలీన్. నేను పిట్టల పని మీద వచ్చాను.”

“అయితే వెనక తలుపు నుంచి వెళ్ళవూ? పిట్టలను ఇటు నుంచి రానివ్వద్దన్నారు.”

“సరే” అని అతను బుట్ట ఎత్తుకున్నాడు.

రాల్ఫ్ జేబులు తడుముకుంటున్నాడు. పెన్సిల్‌తో గీస్తే లండన్‌లో ఎవరో కూర్చుని చెరిపేస్తారని ఊళ్ళో ఒకటే పుకారు. సగం మంది ఇంటి నుంచి పెన్నులు తెచ్చుకున్నారు. ఆయన మర్చిపోయాడు.

“అబ్బాయ్, పెన్నుందా?”

జెనెక్ చొక్కా జేబులో పందెం కాగితం నింపడానికి పెట్టుకున్న పెన్ను ఉంది. తీసి ఇచ్చాడు. “మెల్లిగా రాయి నాన్నా, సిరా కక్కుతుంది” అన్నాడు.

నేను దారంతో కట్టిన పెన్సిల్‌తోనే గీశాను. చెరిపేవాడు చెరుపుకుంటాడని. రాల్ఫ్ పక్క అరలో ఉన్నాడు, వీపు కనిపించింది. బయటికొచ్చి, మేం ఇద్దరం హాలు చుట్టూ తిరిగి వెనక తలుపు దగ్గరికి వెళ్ళాం. రాల్ఫ్ పెన్ను తిరిగిచ్చాడు. “బాగానే రాస్తుంది” అన్నాడు. జెనెక్ దాంతోనే నీలి పెట్ట నంబరు కాగితం మీద రాశాడు. ఆ రోజు రాత్రి అందరం త్వరగా పడుకున్నాం.

తెల్లారేసరికి టీవీలో చెప్పేస్తున్నారు. బయటికి యాభై రెండు, ఉందామని నలభై ఎనిమిది. రాల్ఫ్ గుడ్డు పెంకు కొడుతున్నాడు. జానిస్ బడి ఏప్రాన్ కట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. జెనెక్ మెట్ల మీద కూర్చుని బూట్లు కట్టుకుంటున్నాడు. నేను పెనం కడుగుతున్నాను. అప్పటికి కడిగేసిందే, మళ్ళీ కడుగుతున్నాను.

“నాన్నా, నువ్వేం వేశావు?” అంది జానిస్.

“ఓటు రహస్యం.”

“రహస్యమేంటి, గుడ్డు తింటున్న తీరే చెబుతోంది.”

“బయటికే వేశాను. ఏం? నేనొక్కణ్ణేనా, ఊరంతా వేసింది.”

జెనెక్ తలెత్తలేదు. “నా పెన్నుతోనా?” అన్నాడు.

రాల్ఫ్ చెంచా ఆగింది. “అది నీ గురించి కాదురా అబ్బాయ్. నీ గురించి ఎవరనుకున్నారు? గని పోయింది, ఫ్యాక్టరీలు పోయాయి, బస్సు పోయింది, ఎవడూ మమ్మల్ని అడగలేదు. ఇప్పుడడిగారు. చెప్పాను.”

“ఆ కాగితం మీద ‘జెనెక్ తప్ప’ అని రాయడానికి చోటుందా?”

“నీకేం కాదు. నువ్వు మా వాడివి. చట్టం ఏదో చూసుకుంటారు.”

“ఎవరు చూసుకుంటారు?”

జెనెక్ రెండో బూటు అందుకున్నాడు. గొంతు పెంచలేదు. అతనెప్పుడూ పెంచడు.

“పిట్టల్ని ఫ్రాన్స్ పంపాలా వద్దా అన్నదానికి మూడింట రెండొంతులు కావాలన్నావు. పదహారు మంది చెయ్యెత్తినా చాల్లేదన్నావు. నన్నుంచాలా వద్దా అన్నదానికి సగం మీద చిటికెడు చాలిందా?”

“దేశం పావురాల క్లబ్బు కాదు.”

“కాదు. క్లబ్బు జాగ్రత్తగా ఉంటుంది.”

రాల్ఫ్ చెంచా పడేశాడు. “నువ్వు పుట్టకముందు సంగతి చెబుతాను విను. ఎనభై నాలుగులో సమ్మె చేశాం. ఏడాది. మీ అత్త ఆ హాల్లోనే ఊరందరికీ వండింది. పేపర్ల వాళ్ళూ, టీవీల వాళ్ళూ ఒకటే పాట. దేశంలోని గనివాళ్ళందరి ఓటు పెట్టకుండా సమ్మెకెళ్ళారు, మీ సమ్మె చెల్లదు, మీ మాట చెల్లదు అని. ఇన్నేళ్ళూ పడ్డాను ఆ మాట. ఇప్పుడు ఓటు పెట్టారు. మనిషికొకటి, దొరకైనా కూలికైనా ఒక్కటే. లెక్కపెట్టారు. గెలిచాం. ఇప్పుడిదీ చెల్లదంటావా? మరి ఏం చేస్తే చెల్లుతుందో చెప్పు.”

ఆ మాటలో అబద్ధం లేదు. ఆ సమ్మె ఏడాది నేను కడిగిన గిన్నెలు ఇప్పటికీ నా వేళ్ళకు తెలుసు.

“డెబ్బై ఐదులోనూ మనల్ని ఇదే ప్రశ్న అడిగారు కదా. ఇద్దరం ఉందామనే వేశాం” అన్నాను నేను.

“అప్పుడు వేరు నార్మా.”

“ఓటుకి పాలసీసాలాగా తేదీ ఉంటుందా నాన్నా? ఎన్నాళ్ళకి విరుగుతుంది?” అంది జానిస్.

“అయితే మళ్ళీ పెడదామా? మీకు నచ్చిన లెక్క వచ్చేదాకా పెడుతూనే ఉందామా?”

జెనెక్ లేచి నిలబడ్డాడు.

“చెల్లదని నేను అనలేదు. మనిషికొకటి అన్నావు. బల్ల దగ్గర నేనూ ఉన్నాను. పిట్టల బుట్ట పట్టుకుని. అంతే అంటున్నాను, రాల్ఫ్.”

పేరుతో పిలిచాడు. అది మొదటిసారి. నేనొక్కదాన్నే విన్నాననుకున్నాను గానీ, రాల్ఫ్ గుడ్డును అలాగే వదిలి పెరట్లోకి వెళ్ళాడు. నేనేం వేశానో ఎవరూ అడగలేదు. ఆ గుడ్డు పెంకులు తీసి చెత్తలో వేసి, బంగాళదుంపలు చెక్కడం మొదలుపెట్టాను. మా నలుగురికీ సరిపడా కన్నా చాలా ఎక్కువ చెక్కేశాను. వాటిని రెండు రోజులు తిన్నాం.

శనివారం బాగా ఎండ కాసింది. గాలి అనుకూలంగా ఉంది. పందెం రోజున మా ఇంట్లో ఒక పద్ధతుంది. పిట్ట దిగగానే జెనెక్ దాన్ని పట్టుకుని కాలి నుంచి రబ్బరు కడియం తీస్తాడు, పందెం గడియారం గుంటలో వేస్తాడు. రాల్ఫ్ తాళం తిప్పుతాడు. టిక్కుమని టైము పడుతుంది. ఇద్దరిలో ఒకరు లేకపోతే ఆ పని జరగదు. గడియారంలో కడియం పడని పిట్ట, దిగినా దిగనట్టే. అది క్లబ్బు నియమం. రాల్ఫ్‌ని ఎవరైనా “సుమారుగా ఎంతకొచ్చింది?” అని అడిగితే కోపమొచ్చేది. “సుమారు అనేది లేదు, గడియారం చూసి చెబుతా” అనేవాడు.

రాల్ఫ్ కుర్చీలో, ఒళ్ళో గడియారం. జెనెక్ కంచె దగ్గర. నేను వంటింటి గుమ్మంలో. మామూలుగా అయితే ఇద్దరూ గాలి గురించీ, మబ్బుల గురించీ వాగుతూనే ఉంటారు. ఆ రోజు ఇద్దరూ చెరో వైపు ఆకాశం చూశారు. పక్కింటి కుక్క మొరిగింది, ఆగిపోయింది.

పొగగొట్టం మీద నుంచి నీలి పెట్ట జారింది. అలా రెక్కలు మడిచి రాయిలా దిగడం దానికే చెల్లు. మా సందులో ఇంకెక్కడా అలికిడి లేదు. అంటే ఇదే ముందు. రాల్ఫ్ గింజల డబ్బా ఆడించాడు. జెనెక్ దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. దాని గుండె కొట్టుకోవడం నాకు గుమ్మంలోకి కనిపించింది. కడియం తీశాడు. పిట్టను లోపలికి వదిలాడు. తిరిగి రాల్ఫ్ దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళలేదు. నా దగ్గరికొచ్చి కడియం నా అరచేతిలో పెట్టాడు.

“ఇది ఉంచమ్మా” అని మేడ మీదకు వెళ్ళిపోయాడు.

నేను రాల్ఫ్ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచాను. ఆయన దాన్ని చూశాడు గానీ తీసుకోలేదు.

“తీసినవాడే వెయ్యాలి” అన్నాడు.

“పిలవనా?”

“వద్దు.”

కాసేపటికి సందు చివర స్టాన్లీ పెరట్లోంచి కేక వినబడింది. వాళ్ళ పిట్ట దిగింది. రాల్ఫ్ గడియారం మూత మూసి, షెడ్డులో పెట్టి వచ్చాడు. ఆ పందెం స్టాన్లీ గెలిచాడు. ఆ కడియం నా ఏప్రాన్ జేబులో ఉండి ఉతుకుల్లో పడి, చివరికి బొత్తాల డబ్బాలో చేరింది.

తర్వాత రోజులు ఎలా గడిచాయంటే, గడిచాయి. అందరం అన్నీ చేశాం. తిన్నాం, పనులకెళ్ళాం, “ఉప్పందుకో” అన్నాం. ఫ్యాక్టరీలో ఎవరో జెనెక్ లాకరు మీద విమానం బొమ్మ గీశారట. అది జానిస్ చెప్పింది, అతను చెప్పలేదు. నాకు ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. దుప్పట్లు ఆరేసుకున్నాను.

జూలైలో క్లబ్బు సమావేశం. ఎప్పటిలాగే నేను వెనక టీ పోస్తున్నాను. ఇక్కడ రాల్ఫ్ సంగతి ఒకటి చెప్పాలి. సభలో ఎవరు దారి తప్పి మాట్లాడినా ఆయన చెక్క సుత్తితో బల్ల మీద కొడతాడు. దగ్గు ఎక్కువైనా కొడతాడు. ఒకసారి పాస్టరుగారు వానల గురించి మాట్లాడితే కూడా కొట్టాడు. జెనెక్ ఆలస్యంగా వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. స్టాన్లీ వచ్చే ఏడాది పందాలు చదువుతూ మధ్యలో ఆగాడు.

“ఫ్రాన్స్ పందెం వచ్చే ఏడాది కూడా ఉంది. జెనెక్, పిట్టలతో పాటు నిన్నూ బుట్టలో పెట్టేస్తాం, దారిలోనే కదా మీ ఊరు. వన్ వే టిక్కెట్!”

నవ్వారు. అందరూ చెడ్డవాళ్ళు కాదు. స్టాన్లీ కూడా కాదు, మా ఇంటి పైకప్పు కారితే నిచ్చెన వేసుకుని వచ్చేవాడు. ఊరికే నవ్వారు. నేను టీ గిన్నె పట్టుకుని సుత్తి చప్పుడు కోసం చూశాను. సుత్తి రాల్ఫ్ చేతి పక్కనే ఉంది. ఆయన ముందున్న కాగితాన్ని చూస్తున్నాడు. ఆ కాగితం మీద ఏమీ లేదు, అటు వైపు తెల్లగా ఉంది.

జెనెక్ కూడా సుత్తి కేసే చూశాడు. తర్వాత టీ తాగి, కప్పు తెచ్చి నాకిచ్చి, “థాంక్స్ అమ్మా” అన్నాడు.

వారం తిరక్కుండా ఇంగ్లండులోనే దక్షిణాన పీటర్‌బరోలో వాళ్ళ మేనమామ కొడుకు దగ్గర పని చూసుకున్నాడు. అక్కడ వాళ్ళ మనుషులు చాలామంది ఉన్నారట. జానిస్ నాకు వంటింట్లో చెప్పింది, గిన్నెలు తుడుస్తూ.

“ఉండమని అడగవా అమ్మా?”

“అడిగితే ఉంటారా?”

“ఉండం.”

“మరి ఇటివ్వు ఆ గిన్నె. అది పై అరలో పెట్టాలి.”

మామా అల్లుళ్ళ ఉమ్మడి గూడు పంచుకోవాలి. మావాళ్ళలో దానికో పద్ధతుంది. తరగతిలో పిల్లలు జట్లు ఎంచుకున్నట్టు ఒకరి తర్వాత ఒకరు ఒక్కో పిట్టను ఎంచుకుంటారు. వెళ్ళేవాడిది మొదటి ఎంపిక. ఇద్దరూ గూట్లో నిలబడ్డారు. రంగు వేసిన సగం వైపు రాల్ఫ్, వట్టి చెక్క వైపు జెనెక్.

“నీలి పెట్ట” అన్నాడు జెనెక్.

రాల్ఫ్ ఊహించలేదనుకుంటాను. “అది ఇక్కడి పిట్ట. అక్కడ దాన్ని ఖైదీగానే ఉంచాలి. జన్మంతా.”

“తెలుసు.”

“ఎగరకపోతే పాడైపోతుంది.”

“తెలుసు, రాల్ఫ్.”

“తీసుకో అయితే.”

మిగతా ఎంపిక చకచకా అయిపోయింది. వాళ్ళ బండి సందు మలుపు తిరిగేటప్పుడు జానిస్ చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. రాల్ఫ్ గూటి తలుపు గడియకు నూనె వేస్తున్నాడు. గడియ బాగానే ఉంది.

ఆ తర్వాత జానిస్ ఆదివారాలు ఫోన్ చేసేది. పని బాగుందనేది, ఇల్లు ఇరుకనేది. ఒకసారి, “జెనెక్ వాళ్ళ నాన్న రమ్మంటున్నారు, ఇక్కడ ఏది ఎటు పోతుందో తెలియడం లేదు, చూస్తున్నాం” అంది. ఎక్కడికని నేనడగలేదు. మేనమామ కొడుకు పెరట్లో జెనెక్ చిన్న గూడు కట్టాడంది. నీలి పెట్ట తింటోందంది. రాల్ఫ్ ఫోన్ దగ్గరికి వచ్చేవాడు కాదు. పక్క గదిలో టీవీ గొంతు తగ్గించి కూర్చునేవాడు.

సెప్టెంబరు చివర్లో ఒక మధ్యాహ్నం నేను గుడ్డలు ఆరేస్తున్నాను. పందాల కాలం అయిపోయింది, ఆకాశం కేసి చూసే పనే లేదు. నెత్తి మీద గాలి చీలిన చప్పుడు. పొగగొట్టం మీద నుంచి రెక్కలు మడిచి ఒక పిట్ట రాయిలా జారింది. వచ్చి వట్టి చెక్క వైపు వాలింది. అటూ ఇటూ నడిచి, రాత్రి ఇక్కడే పడుకున్నట్టు తలుపు ముందు నిలబడింది.

“రాల్ఫ్” అన్నాను.

ఆయన షెడ్డులోంచి వచ్చాడు. చూశాడు. గింజల డబ్బా కోసం వెళ్ళలేదు, పిలవలేదు. ఊరికే వెళ్ళి తలుపు తీశాడు. నీలి పెట్ట లోపలికి నడిచి, తన పాత అరలోకి ఎక్కి కూర్చుంది.

“తడిక తెరిచి మర్చిపోయాడేమో” అన్నాను.

“జెనెకా?” అన్నాడు రాల్ఫ్.

పావురం పట్టడం వచ్చినవాడెవడూ ఎదిగిన పిట్ట దగ్గర తడిక తెరిచి మర్చిపోడు. తన పిట్టను పోగొట్టుకోవడం అది. గూడు ఎత్తేసేవాడు మాత్రమే వదులుతాడు, ఇల్లున్న పిట్టనైనా ఇంటికి పోనిద్దామని.

రాల్ఫ్ చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. “ఫోన్ చెయ్యి” అన్నాడు.

జానిస్ మొదటి రింగుకే ఎత్తింది. నేను హలో అనకముందే, “వచ్చిందా?” అంది.

“వచ్చింది.”

“పొద్దున్నుంచీ ఇక్కడే నిలబడ్డాడమ్మా ఇతను, ఫోన్ పక్కన.” మళ్ళీ తనే అంది, “పోలండ్‌కే వెళ్తున్నాం, వచ్చే ఆదివారం ఓడకి టిక్కెట్లు తీశాం.”

“సరే” అన్నాను. ఇంకేదో అనాలి. చలికి ఉన్ని కోటు పెట్టుకోమన్నాను.

రాల్ఫ్ చెయ్యి చాచాడు. ఫోన్ ఇచ్చాను. ఆయన చెవి దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు. అటు వైపు ఊపిరి వినబడుతోంది, నాక్కూడా. తర్వాత జెనెక్ గొంతు, పావురాలవాళ్ళు ఎవరైనా మొట్టమొదట అడిగేదే అడిగింది.

“ఎంతకొచ్చింది?”

మేం ఎవరం గడియారం చూడలేదు. పందెం గడియారం జూన్ నుంచీ షెడ్డులో తాళం తిప్పకుండా పడి ఉంది. రాల్ఫ్ కళ్ళు మూసుకున్నాడు.

“రెండూ పదికి” అన్నాడు. “సరిగ్గా.”

నా కాపురంలో ఆయన చూడకుండా టైము చెప్పడం అదొక్కసారే.



“మంచి టైమే, రాల్ఫ్” అన్నాడు జెనెక్.

ఫోన్ పెట్టేశాక ఆయన అక్కడే ఉన్నాడు. నేను వెళ్ళి పెట్టకు నీళ్ళు పెట్టాను.